కోనెం కొన్నాం, రవ్వ చేప తిన్నాం: విశాఖ చేపల రేవులో రెండు పొద్దులు

విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు పోయి చేప కొనుక్కునేవాళ్ళకు ముందే ఒక మాట చెప్తున్నా. కొన్న చేపను లాడ్జి వంటింట్లో అప్పజెప్పి ఊరు చూడ్డానికి పోకండి. వండినంతసేపూ పక్కన నిలబడగలిగితే ఇవ్వండి, లేదంటే ఇవ్వనే ఇవ్వకండి. మా బాపు 71 ఏళ్ళ వయసులో మొదటిసారి సముద్రం చూసి, సముద్రపు చేప తిందామని అంత దూరం వస్తే, ఆయన కంచంలో చెరువు చేప పెట్టారు. ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఇది రాస్తున్నదే అందుకు.

బాపు గురించి కొంచెం చెప్పాలి. మాది హుజూరాబాద్ దగ్గర పల్లెటూరు. బాపు చెరువు మీద బతికిన మనిషి, ఊళ్ళో మత్స్య సహకార సంఘంలో మొదటినుంచీ సభ్యుడు. ఎండాకాలం నీళ్ళు తగ్గి చెరువులో చేపలు పట్టేటప్పుడు ఊరంతా గట్టు మీదే ఉంటుంది, ఆయన నడుంలోతు నీళ్ళలో ఉంటాడు. బొచ్చె, రవ్వ, కొర్రమట్ట ఏదైనా సరే, చేత్తో ఎత్తి బరువు చెప్తే తక్కెడ కూడా అదే చెప్తుంది. అలాంటి మనిషి సముద్రం చూడలేదు. మోకాలి నొప్పి ఇంకా ముదరకముందే తీసుకుపోవాలని నేను పట్టుబట్టాను. డిసెంబరు ఆఖరి వారంలో మా ఆయనకు రెండు రోజులు సెలవు దొరికింది. బాపు, అమ్మ, మేమిద్దరం, తొమ్మిదేళ్ళ మా బాబు, మొత్తం ఐదుగురం.

వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. థర్డ్ ఏసీ, ఐదుగురికి 4,450 రూపాయలు. రాత్రి నిద్రపోయాం, తెల్లారేసరికి విశాఖ. రైలు గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

లాడ్జి దగ్గరే తేడా మొదలైంది. బీచి రోడ్డుకు వెనక సందులో ఉంది. ఫోనులో "సముద్రం కనపడే గదులు" అన్నారు. గది 3,400, రెండు గదులు, రెండు రాత్రులు, మొత్తం 13,600 ముందే కట్టించుకున్నారు. ఆరు గంటలకు వెళ్తే పన్నెండింటిదాకా గది ఇవ్వమన్నారు. అది వాళ్ళ నియమం, నేను కాదనను. కానీ గదులకు పూర్తి డబ్బు కట్టినవాళ్ళ దగ్గర సామాను పెట్టుకున్నందుకు సంచికి 50 చొప్పున నాలుగు సంచులకు 200 తీసుకోవడం ఏం పద్ధతి? అమ్మ మొహం కడుక్కుంటానంటే కింద బాత్రూము చూపించారు. దాని తలుపుకు గడియ లేదు. నేను బయట తలుపు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత గదిలోకి పోయి చూస్తే సముద్రం కనపడేది నిజమే, రెండు మేడల మధ్య జానెడు.

అక్కడే కౌంటరులో కుర్రాడు, హార్బరుకు పోతున్నామని వినగానే, "చేప తెచ్చుకోండి మేడమ్, మా కిచెన్‌లో వండిస్తాం, కిలోకు 250" అన్నాడు. నాకు మంచి మాట అనిపించింది. ఊరు కాని ఊళ్ళో పచ్చి చేప కొంటే ఎక్కడ వండుకుంటాం మరి.

ఆటో 400 అడిగాడు, 250కి ఒప్పుకున్నాడు. హార్బరు చేరేసరికి ఆరున్నర దాటింది.

ఇప్పుడు మంచి సంగతి. హార్బరు నిజంగా చూడాల్సిన చోటు. కైలాసగిరికి, రుషికొండకు రెండు పూటలు పెట్టుకునేవాళ్ళు ఒక్క పొద్దు ఇక్కడ పెట్టండి. జెట్టీకి ఒకదాని పక్కన ఒకటి నాలుగైదు వరసల్లో మరబోట్లు కట్టి ఉంటాయి. అవతలి బోటు మనిషి ఇవతలికి రావాలంటే మధ్య బోట్లన్నీ దూకుతూ రావాలి. తల మీద చేపల తట్ట పెట్టుకుని కూడా అలాగే వస్తారు. ఎదురుగా యారాడ కొండ, దాని ముక్కు సముద్రంలోకి చొచ్చుకుపోయి ఉంటుంది. డాల్ఫిన్ నోస్ అనేది దాన్నే. ఆ కొండ అడ్డు ఉంది కాబట్టే ఇక్కడ ఓడరేవు కుదిరింది. 1933లో రేవు తెరిచినప్పుడు కాలువ మూతి దగ్గర అలలు ఆపడానికి పాత ఓడలు రెండింటిని కావాలనే ముంచారట. మా బాబు ఆ రెండు రోజులూ ఆ ఓడల గురించే అడిగాడు.

కింద అంతా నీళ్ళు, కరిగిన ఐసు, పొలుసులు. రబ్బరు చెప్పులతో పొండి, మంచి చీర కట్టుకోకండి. వాసన ఉంటుంది. ముక్కు మూసుకుని నడిచే వాళ్ళను చూశాను. అక్కడ పొద్దున్నుంచి పని చేసే ఆడవాళ్ళ ముందు అలా నడవడం నాకు నచ్చలేదు.

ఒడ్డున చేపలు కుప్పలుగా పోసి వేలం పాట పాడుతుంటారు. ఆ పాట మనలాంటి వాళ్ళకు కాదు, తట్టలకు తట్టలు కొనే వ్యాపారులకు. రొయ్యల దగ్గర కంపెనీల మనుషులు ఉంటారు. మనం పాటలో దూరి మధ్యలో రేటు అడిగితే విసుక్కుంటారు, అందులో తప్పు లేదు. పాటలో కొన్న ఆడవాళ్ళు పక్కకు వచ్చి కూర్చుని విడిగా అమ్ముతారు. మనం కొనాల్సింది వాళ్ళ దగ్గర. చందువలు, కానాగంతలు, కవళ్ళు, గులివిందలు, వెండి పట్టెడలా పొడుగ్గా మెరిసే సావళ్ళు, పీతలు. ఒక మూల చిన్నాచితకా చేపలన్నీ కలిపి పెద్ద గుట్ట పోశారు. అవి కూరకు కాదు, ఎండబెట్టి పొడి చేసి కోళ్ళ దాణాలో, రొయ్యల మేతలో కలుపుతారట. బాపు ఆ గుట్ట దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "ఇండ్ల పిల్ల చేపలే ఎక్కువున్నయి బిడ్డా" అన్నాడు. మా చెరువులో వేలెడంత పిల్ల వలలో పడితే తిరిగి నీళ్ళలో వేస్తారు. ఆయన మనసుకు అది కష్టంగా తోచింది.

ఒక బోటు మీద వల సరిచేసుకుంటున్న పెద్దాయన బాపును పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. వాళ్ళిద్దరి మాటలు నేను పక్కన కూర్చుని విన్నాను.

"ఇంత పెద్ద వల ఎట్ల ఇసురుతరే?" అన్నాడు బాపు.

"ఇసరడం ఏటి బాబాయ్! ఎనకాల కట్టుకుని బోటు ఈడ్చుకుంటూ పోద్ది. గంటలు గంటలు ఈడ్చాలి."

ఒకసారి పోతే పదిహేను, ఇరవై రోజులు నీళ్ళ మీదే అట. ఐసు, డీజిలు, బియ్యం, గ్యాసు బండలు అన్నీ ఎక్కించుకుని పోతారు. తిరిగొచ్చాక ఖర్చులు పోగా మిగిలినదాంట్లో బోటు యజమానికి ఇంత, కళాసీలకు ఇంత అని వాటాలు. మిగలకపోతే వాటా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లేవీ కదలవు. మీరు వేసవి సెలవుల్లో వెళ్తే ఈ సందడి ఏమీ కనపడదు, కట్టేసిన బోట్లు చూసి రావాలి. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే మంటలు అంటుకుని నలభై దాకా బోట్లు కాలిపోయాయి. అంత డీజిలు, అన్ని గ్యాసు బండలు, ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లు, మంట ఆగుతుందా? ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు ఆ పెద్దాయన వల మీద చెయ్యి ఆపేశాడు. బాపు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

అక్కడినుంచి లేచి వచ్చి చేప కొన్నాం. మనం వంజరం అనే చేపను ఇక్కడ కోనెం అంటారు. కూర్చున్న ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. బాపు మొప్ప ఎత్తి చూశాడు, ఎర్రగా ఉంది. వేలితో నొక్కితే గుంట పడలేదు. రెండు కిలోల ఆరు వందల గ్రాములు. కిలో 850 చెప్పి 750కి ఇచ్చింది, 1,950 అయింది. కోసినందుకు ఇంకో 80. కత్తిపీట మీద చకచకా 19 ముక్కలు కోసి, తలకాయ విడిగా కట్టి, "తలకాయ పులుసు పెట్టించు బాబాయ్, మళ్ళీ మళ్ళీ తినాలనిపిస్తాది" అంది. ముక్కలు నేను ఫొటో కూడా తీశాను.

లాడ్జిలో అప్పజెప్పాం. తలకాయతో పులుసు, సగం ముక్కలు కూర, సగం వేపుడు అని చెప్పాం. వంటకు 650, నూనె, మసాలాలకు 150, మొత్తం 800 ముందే తీసుకున్నారు. ఆపైన బాబు కోసం కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి పోయాం. 1969లో నౌకాదళంలో చేరి 2001దాకా పని చేసిన జలాంతర్గామిని ఒడ్డుకు లాక్కొచ్చి పెట్టారు. లోపల ఇరుకు సందులో అందరం వరసగా నడిచాం. బాబు సంతోషం చూసి మా ఆయన కూడా మొదటిసారి నవ్వాడు.

రెండు గంటలకు గదిలో భోజనం. వేపుడులో ఎర్ర రంగు, పైన ఉల్లిపాయ చక్రాలు. పులుసు అని తెచ్చినదాంట్లో తలకాయ లేదు. అడిగితే "పులుసులో కలిసిపోయింది" అన్నాడు తెచ్చిన కుర్రాడు. రెండున్నర కిలోల చేప తలకాయ ఎక్కడ కలిసిపోతుంది?

బాపు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, మెల్లగా బయటకు తీసి కంచం అంచున పెట్టాడు. రెండో ముక్క విరిచి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత అన్నాడు.

"బిడ్డా, ఇది రవ్వ చేప."

రవ్వ అంటే రోహు. ఆంధ్రాలో శీలావతి అంటారు. చెరువులో పెంచే చేప. నేను నమ్మలేదు. బాపు పేపరు పరిచి ముళ్ళు ఒక్కొక్కటి తీసి పెట్టాడు. కోనెం ముక్కకు నడిమిట్ల ఒక్క ఎముక గుండ్రంగా ఉంటుంది, కండలో సన్న ముళ్ళు పెద్దగా ఉండవు, అందుకే పిల్లలకు పెట్టొచ్చంటారు. ఈ ముక్కలో వెన్ను దగ్గర కండ నిండా పంగల కర్రలాంటి సన్న ముళ్ళు. తోలు చూపించాడు. కోనెం తోలు నున్నగా వెండిలా ఉంటుంది, కంటికి ఆనే పొలుసు ఉండదు. మేం పొద్దున్నే చేత్తో పట్టుకుని చూశాం కదా. దీని తోలు మీద పొలుసు పీకిన గుంటలు వరసగా ఉన్నాయి. ముక్కలు లెక్కపెట్టాను. కూర, వేపుడు కలిపి 12. మిగిలిన ఏడు ముక్కలు, తలకాయ ఎక్కడికి పోయాయి? ఆ పన్నెండులో ఒక్కటైనా మేం కొన్నది ఉందా?

కింద మేనేజరు దగ్గరికి పేపరుతో సహా పట్టుకుపోయాను. మొదట "సముద్రం చేపకు ముళ్ళుండవని ఎవరన్నారు" అన్నాడు. ఫొటో చూపించాను. "వంటాయన ఇంటికెళ్ళిపోయాడు" అన్నాడు. గట్టిగా అడిగేసరికి, "పెద్దాయన ఎప్పుడైనా సముద్రం చేప తిన్నారా, ఆయనకెలా తెలుస్తుంది" అన్నాడు. బాపు పక్కనే ఉన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేను. ఆయనకు సముద్రపు చేప తెలియకపోవచ్చు. రవ్వ చేప మాత్రం ఆ లాడ్జి మొత్తం మీద ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

చివరికి 200 తిరిగిస్తానన్నాడు. తీసుకోలేదు. 1,950 పెట్టి కొన్న చేపకు, 800 వంట కూలికి, 200 ఏమిటి? మా ఆయన "పోనీలే, రేపు ఇంకోటి కొందాం, పండగపూట గొడవెందుకు" అన్నాడు. గొడవ పడకపోతే వీళ్ళు రేపు ఇంకొకరికి ఇదే చేస్తారు కదా అని నేను. సాయంత్రందాకా మా ఇద్దరికీ మాటల్లేవు. అమ్మ పెరుగన్నం తిని పడుకుంది. బాపు మాత్రం, "నలభై ఏండ్ల సంది తింటున్నదే కదనే, మళ్ళ తిన్న అంతే" అని నన్నే ఊరుకోబెట్టాడు. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

అమ్మను కుదుటపరచడానికి సాయంత్రం పాత ఊళ్ళో కనకమహాలక్ష్మి గుడికి పోయాం. గర్భగుడికి పైకప్పు లేదు, అమ్మవారికి ఎవరైనా తమ చేత్తో పసుపు కుంకుమలు పెట్టుకోవచ్చు. అమ్మ తన చేత్తో పూజ చేసుకుని వచ్చి నాతో మాట్లాడింది. మార్గశిర గురువారాల్లో విపరీతమైన రద్దీ ఉంటుంది, ముసలివాళ్ళతో ఆ రోజుల్లో వద్దు.

రెండో రోజు తెల్లారగట్ల అయిదుంబావుకే బాపు లేచి కూర్చున్నాడు. నన్ను తప్ప ఎవరినీ లేపలేదు. మళ్ళీ హార్బరు. ఈసారి ఆటో 200. చీకట్లో బోట్ల దీపాలు, ఐసు మర చప్పుడు. నిన్నటికంటే ఈ పొద్దే బాగుంది. మీరు పోతే అయిదున్నరకల్లా అక్కడుండేలా పొండి, ఎనిమిది దాటాక మంచి సరుకు బేరగాళ్ళు ఎత్తేస్తారు. ఒక జాగ్రత్త, నేవీ ఓడలవైపు ఫోను ఎత్తకండి.

నిన్నటి ఆమె బాపును గుర్తుపట్టింది. "ఏటి బాబాయ్, తలకాయ పులుసు ఎలాగుంది?" అంది. నేను జరిగింది చెప్పాను. ఆమె కత్తిపీట మీదనుంచి లేచి నిలబడింది. "నానిచ్చింది కోనెం! మీరు ఊరెల్లి ఆ రేవులో ఆడమనిషి మోసం సేసిందని సెప్పుకుంటే నా పేరేటవుద్ది?" అని పక్కనున్నవాళ్ళందరికీ చెప్పింది. ఇంకో కోనెం తీసింది. కిలోన్నర పైన మూడు వందల గ్రాములు. కిలో 700 లెక్కన 1,260 అయితే 1,200 తీసుకుంది. అరకిలో నెత్తళ్ళు 100. కోసిన డబ్బు తీసుకోలేదు. వాళ్ళ చెల్లెలు దగ్గర్లోనే ఉంటుందని, కూలివాళ్ళకు అన్నం వండి పెడుతుందని చెప్పి, ఒక పిల్లవాడిని తోడిచ్చి పంపింది.

ఆ ఇల్లు రెండు గదులు. బయట పొయ్యి, బల్ల ఒకటి. అందరినీ పిలిపించాను. మా కళ్ళ ముందే వండింది. చింతపండు పులుసు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర నూరిన ముద్ద. రంగులు లేవు, గరం మసాలా లేదు. గరిటె పెట్టలేదు. ముక్క విరుగుతుందని గుడ్డతో గిన్నె చెవులు పట్టుకుని తిప్పింది. మా అమ్మ కూడా అలాగే తిప్పుతుంది, అది చూసి ఇద్దరూ మాటల్లో పడ్డారు. నెత్తళ్ళు కరకరలాడేటట్టు వేయించింది, మా బాబు ముళ్ళతో సహా నమిలేశాడు. వంటకు, అన్నానికి కలిపి ఐదుగురికి 300 అడిగింది. 500 ఇస్తే వద్దంది. మా ఆయన ఆమె కొడుకు చేతిలో పెట్టాడు. నిన్న గొడవెందుకన్న మనిషి, ఇవాళ లాడ్జి ఖాళీ చేసేటప్పుడు మేనేజరుతో నాకంటే గట్టిగా మాట్లాడాడు. డబ్బు మాత్రం రాలేదు.

బాపు తలకాయ తన కంచంలోనే వేయించుకున్నాడు. నడిమి ఎముకను నోట్లో పెట్టుకుని చాలాసేపు చప్పరించాడు. మా చెరువు చేపకు ఎండాకాలం వచ్చే మట్టి వాసన దీనికి లేదన్నాడు. ఇంకాసేపు తిని, "ఉప్పు నీళ్ళల్ల పుట్టి పెరిగిందాయె, ఉప్పగ లేదేందే?" అని వండినామెను అడిగాడు. ఆమెకు ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ వేయలేదట. అవును కదా అనుకుంటూ తనూ ఒక ముక్క తీసుకుని తిని చూసింది.

మధ్యాహ్నం భీమిలి పోయాం, గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ళ సమాధులు చూశాం. కారు రానుపోను 1,800, డ్రైవరు మంచివాడు. అక్కడ ఒడ్డున పెద్దవల లాగుతుంటే బాపు కూడా తాడు పట్టుకున్నాడు, వాళ్ళు వద్దనలేదు. వల ఒడ్డుకు చేరాక గుప్పెడు కవళ్ళు ఆయన తువ్వాల్లో పోశారు. చెయ్యి వేసినవాళ్ళకు వాటా ఇవ్వాలట.

హార్బరు దగ్గర వలల దుకాణాలున్నాయి. రైలెక్కే ముందు బాపు నన్ను అక్కడికే తీసుకుపొమ్మన్నాడు. విసురు వల అంచుకు కట్టే సీసం గుండ్లు రెండు కిలోలు, నైలాను దారం రెండు ఉండలు కొన్నాడు, 640 అయింది. నేనివ్వబోతే నా చెయ్యి పక్కకు తోసి తన సంచిలోంచి తీసి ఇచ్చాడు. రాత్రి రైల్లో అందరూ పడుకున్నాక కూడా ఆ దారం తీసి, బెర్తు ఎక్కే మెట్టుకు కొస కట్టి, దాని గట్టిదనం లాగి చూస్తూనే ఉన్నాడు.